మా రోజుల్లో: ఎవరింట నీళ్లు తాగావు?

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "తాతా, ఇది చూడు. ప్రపంచంలో ఎవరికీ తెలియని పది చోట్లంట" అంది. వీడియో మొత్తం మూడు నిమిషాలు. అంటే ఒక్కో చోటుకు పద్దెనిమిది సెకండ్లు. టర్కీలో నేల కింద తొలిచిన ఊరు, మేఘాలయలో చెట్టు వేళ్ల వంతెన, మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడిన లోణార్ సరస్సు, చివర్న మన బెలుం గుహలు. బెలుం కనబడేసరికి నాకు కడుపు రగిలింది. అది మా తాడిపత్రికి ముప్పై కిలోమీటర్లు.

"ఎవరికీ తెలియనిది ఎట్లయిందే? ఆ గుహలున్న కొలిమిగుండ్ల మనుషులు మనుషులు కారా?" అన్నాను.

ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పినవాణ్ని. భూగోళం పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడాదీ పిల్లలకు ఒక మాట చెప్పేవాణ్ని: మ్యాపులో ఖాళీగా కనబడే చోట కూడా ఎవరో ఒకరు పొద్దున్నే లేచి పొయ్యి రాజేస్తుంటారని. ఈ కాలం వాళ్లు చోట్లు చూడటంలో మమ్మల్ని మించిపోయారు, ఒప్పుకుంటాను. కానీ ఆ పొయ్యి రాజేసే మనిషిని చూడటం మానేశారు. నా గొణుగుడంతా దాని గురించే.

మా రోజుల్లో ఎక్కడికైనా పోయొస్తే మా అమ్మ "ఏం చూశావు" అని ఏనాడూ అడగలేదు. కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే "ఎవరింట నీళ్లు తాగావు నాయనా?" అనేది. నీళ్లిచ్చిన ఇల్లు ఒకటి చెప్పలేకపోతే ఆ ఊరు పోయినట్టే కాదు మా అమ్మ లెక్కలో.

బెలుం సంగతే చెబుతాను. 1975 వేసవి సెలవుల్లో నేనూ, మా స్కూల్లో లెక్కలు చెప్పే ఇంకో అయ్యవారూ పోయినాం. అప్పటికి అక్కడ టిక్కెట్టు లేదు, కరెంటు దీపాలు లేవు, దారి చూపే బోర్డు లేదు. ఊరివాళ్ల నోట అది ఉత్త 'బిలం'. బస్సు దిగి, నాపరాతి గనుల పక్కనుంచి ఎండలో నడుస్తుంటే అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన ఆపినాడు.

"యాడికి పోతాండారు అయ్యవార్లూ, ఈ ఎండలో?"

బిలం చూడాలన్నాం. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి ముందు నీడన కూర్చోమన్నాడు. ఇంట్లోంచి పెద్దమ్మ చెంబుతో నీళ్లు, వెనకే మజ్జిగ తెచ్చింది. "మీ అంతట మీరు పోగాకండి. లోపల గాలాడదు" అని, గొర్రెలు కాసే తన కొడుకును తోడిచ్చి పంపినాడు. ఆ పిల్లోడికి పదహారేళ్లుంటాయి.

చేను మధ్యలో బావిలాంటి గుంత. అందులోంచి దిగినాం. మా దగ్గర మూడు బ్యాటరీల టార్చి ఉంది, అయినా ఆ పిల్లోడు లాంతరు వెంట తెచ్చుకున్నాడు. ఎందుకురా అంటే, "టార్చికి గాలి సంగతి తెలీదు సార్. దీపం కునికిందంటే మనం ఎనక్కి తిరగాల" అన్నాడు. ఏ సందులో వానకాలం నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ గబ్బిలాలుంటాయో, తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం వాళ్ల నాయన ఎంతదూరం పోయినాడో, అన్నీ చెప్పినాడు. మేం పోయింది వంద గజాలకు మించదు. చెమటతో చొక్కాలు తడిసి ముద్దయినాయి. ఒకచోట ఆగి, "చీకటి చూస్తారా సార్?" అని లాంతరు ఆర్పేసినాడు. టార్చి కూడా ఆర్పమన్నాడు. ఒక నిమిషం పాటు కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఎక్కడో చుక్క చుక్కగా నీళ్లు పడుతున్న చప్పుడు. యాభై ఏళ్లయింది. ఆ నిమిషం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది.

తర్వాత లెక్కలు తెలిశాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఆ గుహల గురించి రాశాడు. 1982, 83ల్లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలంతా తిరిగి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో జనానికి తెరిచారు. ఇప్పుడు కిలోమీటరున్నర దాకా మెట్లు, దీపాలు, గాలి పంపే ఏర్పాటు ఉన్నాయి. ఇవి కూడదని నేననను. డెబ్బై ఆరేళ్ల వయసులో నేను మళ్లీ అందులోకి దిగగలిగానంటే ఆ మెట్ల పుణ్యమే.

కానీ దిగినాక చూసిందేమిటి? సింహద్వారం అనే చోట ఫొటో కోసం వరస. ఒకరి తర్వాత ఒకరు, అదే రాయి కింద, అదే నిలబాటు. అన్నిటికన్నా లోతున, నేలమట్టానికి 46 మీటర్ల అడుగున, పాతాళగంగ అని చిన్న నీటి పాయ ఉంది. అక్కడ నిలబడి చెవి పెట్టినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు. బయటికొచ్చి కార్లెక్కి మధ్యాహ్నానికి గండికోట, సాయంత్రానికి ఇంకోటి. ఊళ్లోకి ఎవరూ పోరు. దారి అడగాల్సిన పని లేదు కదా, ఫోను చెబుతుంది. దారి అడగని చోట మనిషితో మాట మొదలయ్యేది ఎట్లా? మా రోజుల్లో దారి తెలియకపోవడమే మాకు పరిచయపత్రం. దారి అడిగితే ఊరు అడిగేవారు, ఊరు చెబితే బంధువులెవరో తేలేవారు, తేలినాక అన్నం తినకుండా పోనిచ్చేవారు కాదు.

గండికోటకు కూడా అంతే. జమ్మలమడుగు నుంచి పోయేవాళ్లం. ఎర్రమల కొండల్ని చీల్చుకుంటూ పెన్న పారిన ఆ లోయ అంచున ఇప్పుడు తెల్లవారకముందే గుడారాల్లోంచి లేచి, సూర్యోదయం ఫొటో తీసుకుని, నీళ్ల సీసాలు అక్కడే వదిలి వెళతారు. కోట లోపల ఇప్పటికీ ఊరుందన్న సంగతే చాలామంది గమనించరు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఈ కోటకు వచ్చాడు. అప్పుడు ఇక్కడ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఉన్నాడు. తావెర్నియే వచ్చింది బేరానికే, అయినా చూసిందీ విన్నదీ ఓపికగా రాసిపెట్టుకున్నాడు. మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. కొట్టు గోడల మీద మాత్రం ఈ కాలపు ప్రేమికుల పేర్లు, బాణం గుర్తులు.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు 1978లో తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుపోయినాను. సద్దిమూటలు కట్టుకుని పోయినాం. మర్రి కింద కూర్చున్న ఒక అవ్వ పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చెప్పింది: భర్త బాలవీరయ్య చితిలోకి తిమ్మమ్మ నడిచిపోవడం, ఆ చితికి పాతిన కొయ్య ఒకటి చిగురించి ఇంత మాను కావడం. పిల్లలు లేనివాళ్లు అక్కడ మొక్కుకుంటారని, తన కూతురు అట్లా పుట్టినదేనని కూడా చెప్పింది. బెంగళూరు పాత్రికేయుడు సత్యనారాయణ అయ్యర్ చొరవతో 1989లో ఆ చెట్టు గిన్నిస్ బుక్కుకెక్కింది. 19,107 చదరపు మీటర్ల మేర, అంటే నాలుగున్నర ఎకరాల పైమాట, ఒకే చెట్టు నీడ. మంచిదే. ఇప్పుడు దాన్ని డ్రోన్‌తో పైనుంచి తీసి చూపిస్తున్నారు. పైనుంచి చూస్తే కనబడేది ఆకులే. ఆ చెట్టు గొప్పంతా కింద ఊడల్లో ఉంది. ఊడల మధ్య అవ్వ ఉంది. ఆమె ఏ డ్రోన్‌కూ కనబడదు.

నాకు మరీ గుచ్చుకునే మాట ఇంకొకటుంది: 'కనుగొన్నారు'. లోణార్ గురించి ఎక్కడ చదివినా 1823లో అలెగ్జాండర్ అనే ఇంగ్లీషు అధికారి దాన్ని గుర్తించాడనే మొదలుపెడతారు. అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలోనే దాని ప్రస్తావన ఉంది. ఊళ్లో దైత్యసూదన ఆలయం అంతకన్నా ఎన్నో వందల ఏళ్ల ముందే కట్టారు. 1986లో ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) మీద ఔరంగాబాదు పోయినప్పుడు లోణార్‌లో ఒక రాత్రి ఉన్నాం. మరాఠీ రాని మాకు, తెలుగు రాని ఒక రైతు సగం హిందీలో, సగం చేతులతో కథ చెప్పినాడు. భూమి కింద దాక్కున్న లోణాసురుణ్ని విష్ణుమూర్తి చంపిన చోటది అని. ఆ గుంట అగ్నిపర్వతం వల్లా, ఉల్క వల్లా అని శాస్త్రవేత్తలు చాలా కాలం వాదించుకున్నారు. దెబ్బకు గాజుగా మారిన రాతి ఖనిజాల సాక్ష్యంతో 1973లో అది ఉల్క పనేనని తేల్చారు. ఇక్కడ నేల మీద ఏదో మహా బీభత్సం జరిగిందని ఆ రైతు తాతముత్తాతలు తమ కథలో ఎప్పుడో పొదిగి పెట్టుకున్నారు. మా మనవరాలి వయసు పిల్లలకు లోణార్ అంటే 2020 జూన్‌లో నీళ్లు గులాబీ రంగుకు తిరగడం ఒక్కటే గుర్తు. నీళ్లు తగ్గి, ఉప్పు పెరిగి, ఆ ఉప్పులో బతికే సూక్ష్మజీవులు పెరగడం వల్ల అట్లా అయింది. రంగు గుర్తుంది. గుంట అంచున గోముఖం దగ్గర ఏడాది పొడవునా ఊరే తియ్యటి నీటి ధార మాత్రం ఎవరి ఫోన్లోనూ కనబడలేదు. ఉప్పు సరస్సు పక్కనే మంచినీళ్లు! మాకు చెంబుతో ముంచి ఇచ్చింది ఆ నీళ్లే.

ఆ వీడియోలో టర్కీ ఊరు ఉందన్నాను కదా, దాని పేరు డెరింకుయు. 2013లో మా అబ్బాయి తీసుకుపోతే చూశాను. కప్పడోకియా ప్రాంతంలో మెత్తటి రాతిలో తొలిచిన పాతాళ నగరం. లోతు దాదాపు 85 మీటర్లు. పశువులతో సహా ఇరవై వేల మంది దాకా తలదాచుకోగలిగేవారని అంచనా. శత్రువులొస్తే లోపలినుంచి దొర్లించి మూసుకునే తిరగలి రాళ్లలాంటి గుండ్రటి తలుపులున్నాయి. గానుగలు, పశువుల కొట్టాలు, ప్రార్థన మందిరాలు, గాలి బావులు అన్నీ ఉన్నాయి. 1963లో ఒకాయన ఇల్లు బాగుచేసుకుంటూ గోడ పగలగొడితే దాని వెనక ఈ నగరం బయటపడిందని గైడు చెప్పింది. అందరూ ఆశ్చర్యపోయారు. నేను మాత్రం అడిగాను, అంతకుముందు ఇక్కడ ఎవరూ లేరా అమ్మా అని. ఆమె ఒక్క క్షణం ఆగి నిజం చెప్పింది. ఆ ఊళ్లో గ్రీకు క్రైస్తవులు ఉండేవారు. గండం వచ్చినప్పుడల్లా వాళ్లు ఆ నేలమాళిగల్లోకి దిగేవారు. 1923లో గ్రీసు, టర్కీ ప్రజల్ని అటూ ఇటూ మార్చుకున్నప్పుడు వాళ్లు ఊరొదిలి పోవలసి వచ్చింది. తెలిసినవాళ్లను పంపేశారు. నలభై ఏళ్ల తర్వాత 'కనుగొన్నారు'.

డెరింకుయు అంటే టర్కీ భాషలో లోతైన బావి అని అర్థమట. ఆ మాట వినగానే మా బిలం గుర్తొచ్చింది, బావిలాంటి గుంతా, లాంతరు పట్టుకున్న పిల్లోడూ కళ్ల ముందు నిలిచారు. ఇక్కడా దీపం పట్టుకుని తన పిల్లలకు దారి చూపిన తండ్రి ఒకడుండే ఉంటాడు. ఆ తలుపు రాతి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. మా బృందం ముందుకు పోయింది, మా అబ్బాయి వెనక్కొచ్చి పిలిచినాడు.

గండికోట గోడల మీద రాతల సంగతి ఎత్తితే మా మనవరాలు ఊరుకునే పిల్ల కాదు. "పేర్లు చెక్కడం మా కాలంలోనే పుట్టిందా తాతా?" అని ఎదురు ప్రశ్న వేసింది. చదువుకున్న పిల్ల, సాక్ష్యం తెచ్చింది. అరేబియా సముద్రం అవతల, యెమెన్‌కు చెందిన సోకోత్రా దీవి ఉంది. గొడుగులా ఉండి, కోస్తే నెత్తురులాంటి ఎర్రటి జిగురు కార్చే చెట్లు ఉండే దీవి. 2001లో అక్కడి హోక్ అనే గుహలో బెల్జియం బృందం పాత రాతలు చూసింది. ఆ రాతల్లో ఎక్కువ భాగం మన బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. దాదాపు రెండు వేల ఏళ్ల కింద ఓడల మీద పోయిన మన నావికులు గుహలో చాలా లోపలికి పోయి తమ పేర్లు రాసి వచ్చారు.

ఆ మాటకు నేను కాసేపు మాట్లాడలేదు. పేరు రాయాలన్న ఆశ మనిషిలో పాతదే, నిజమే. కానీ అదే గుహలో సాంబ్రాణి ధూపం వేసిన మట్టి పాత్రలు కూడా దొరికాయి. వాళ్లు అక్కడికి మొక్కుతో వచ్చారు. రుతుపవనాన్ని నమ్ముకుని సముద్రం దాటి, ప్రాణాలతో ఆ దీవి ఒడ్డు చేరినవాళ్లు చీకట్లో దీపం పట్టుకుని నడిచి, ధూపం వేసి, "నేను బతికి ఇక్కడిదాకా వచ్చాను" అని రాసుకున్నారు. గంటన్నర కారులో వచ్చి, ధాన్యపు కొట్టు గోడ మీద మేకుతో గీసినదాన్ని దాని పక్కన పెట్టగలమా? అదే అన్నాను. ఒప్పుకోలేదు, కానీ ఆలోచనలో పడింది.

మా రోజులన్నీ బంగారం అని నేననను. మా అమ్మ అడిగిన ప్రశ్ననే ఊళ్లో కొందరు కులం కనుక్కోవడానికి అడిగేవాళ్లు. మా వెంట బెలుం వచ్చిన ఆ పిల్లోడికి మావంటి ఇళ్లలో నీళ్లు ఏ గ్లాసులో ఇచ్చేవారో నాకు తెలుసు. అది మా కాలపు మచ్చ, దాన్ని కప్పిపెట్టి మా రోజుల్ని పొగడటం పాపం. మా రోజుల్లో ఆడపిల్ల ఒక్కతే బస్సెక్కి ఇవన్నీ చూడటం కూడా ఊహకు అందేది కాదు. మా చెల్లెలు భూగోళంలో నాకన్నా చురుకు. ఆమె తిమ్మమ్మ మర్రిమాను కూడా చూడకుండానే పోయింది. మా మనవరాలు ఒంటరిగా షిల్లాంగ్ దాకా పోయొస్తే నా గుండె నిండిపోతుంది.

అయినా నా మాట నాదే. వచ్చేవాళ్లు ఎక్కువైనకొద్దీ వచ్చే తీరు మీద శ్రద్ధ పెరగాలి. ఫ్రాన్సులో లాస్కో అనే గుహ ఉంది. వేల ఏళ్ల నాటి ఎద్దుల బొమ్మలు, గుర్రాల బొమ్మలు అందులో ఉన్నాయి. 1940లో బయటపడింది, 1948లో జనానికి తెరిచారు. రోజుకు వెయ్యికి పైగా జనం. ఎవరూ బొమ్మల్ని తాకలేదు, గీకలేదు. ఉత్త ఊపిరి పీల్చి వదిలారు, అంతే. ఆ ఊపిరికే గోడలు చెమ్మగిల్లి పచ్చటి నాచు పట్టింది. 1963లో గుహ మూసేశారు. ఇప్పుడు జనం చూసేది పక్కన కట్టిన నకలు. మనం ఊపిరి తీసుకున్నా అరిగిపోయే చోట్లున్నాయి లోకంలో. అట్లాంటి చోటుకు పోతే ఎంత ఒదిగి పోవాలి?

మేఘాలయ వేళ్ల వంతెనలు ఈ సంగతి ఇంకా బాగా చెబుతాయి. ఖాసీలు వాగు ఒడ్డున రబ్బరు మర్రి నాటి, దాని వేళ్లను పోక మొద్దుల మీదుగా అవతలి ఒడ్డుకు మళ్లిస్తారు. వేళ్లు అటు చేరి నేల పట్టుకుని మనిషి బరువు మోయడానికి పదిహేను, ఇరవై ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. నాటినవాడు నడుస్తాడన్న నమ్మకం లేదు, వాడి పిల్లలు నడుస్తారు. ఆ తర్వాత వందల ఏళ్లు నిలుస్తుంది, ఏటేటా ఇంకా గట్టిపడుతుంది. సిమెంటు వంతెనకు ఆ గుణం లేదు. షిల్లాంగ్ పోయినప్పుడు మా మనవరాలు చూసొచ్చిన నొంగ్రియాట్‌లో ఒకదాని మీద ఒకటిగా రెండంతస్తుల వంతెన ఉంది. మూడు వేలకు పైగా మెట్లు దిగి పోవాలి.

తిరిగొచ్చి నాలుగు వందల ఫొటోలు చూపించింది. ఓపికగా అన్నీ చూశాను. చూసినాక మా అమ్మ ప్రశ్నే అడిగాను. "ఎవరింట నీళ్లు తాగావమ్మా?"

"సీసా కొనుక్కున్నా తాతా" అంది. కొంచెంసేపయ్యాక, తనంతట తనే, "మెట్ల దగ్గర ఒక ముసలామె కూర్చుని పోకచెక్కలు కత్తిరిస్తూ ఉండింది. నవ్వింది. నేను ఆగలేదు" అంది.

ఆ మాటలో బాధ ఉంది. దాన్ని నేను పోగొట్టలేదు. ఉండాల్సిన బాధే అది. ఆ వంతెన వేళ్లను ఏ చేతులు మళ్లించాయో, ఏ ఇంటివాళ్లు ఏటేటా సర్దుతున్నారో, ఆ ముసలామె దగ్గర ఒక్క అయిదు నిమిషాలు కూర్చుంటే తెలిసేదేమో. నాలుగు వందల ఫొటోల్లో లేనిది ఆ అయిదు నిమిషాల్లో ఉంది.

వచ్చే నెల లోణార్ పోతానంటోంది. ఎక్కడ దిగాలి, ఏం చూడాలి అని నన్నడిగింది. నేను జాబితా ఏమీ రాసివ్వలేదు. బస్టాండులో దిగినాక ఫోను సంచిలో పెట్టి, కనబడిన మొదటి పెద్దమనిషిని దారి అడగమన్నాను. దారి తెలిసినా సరే, అడగమన్నాను. గోముఖం నీళ్లు ఇంకా అంత తియ్యగానే ఉన్నాయా అని నా మాటగా కనుక్కోమన్నాను. నాకు కథ చెప్పిన రైతు ఇప్పుడు ఉండడు. ఆయన మనవళ్లుంటారు.